బడిపంతులు కట్టిన జట్టు

పద్యాలు చెప్పుకుని బతికేవాడికి ఫుట్‌బాలుతో ఏం పని అని చదువరులకు సందేహం రావచ్చు. మొదట నాకూ వచ్చింది. పదిహేనేళ్ల కిందట భద్రాచలం అడవుల అంచున మా కాలేజీలో ఆటల మాస్టరుగారి ఉద్యోగం ఖాళీగా ఉండేది. "ఎవరో ఒకరు ఈల పట్టుకుని నిలబడాలి కదండీ, మీరు కాస్త చూడండి" అని ప్రిన్సిపాలుగారు ఆ భారం నా నెత్తిన పెట్టారు.

పిల్లల్లో చాలామంది కోయగూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. పరుగులో వాళ్లను అందుకోవడం ఎవరి తరమూ కాదు. మొదటిసారి ఖమ్మం పోటీలకు తీసుకువెళ్లాను. ఆట మొదలయ్యే ముందు మా కెప్టెను మెల్లగా వచ్చి, "బూట్లు లేకుంటే ఆడనియ్యరంట సార్" అన్నాడు. తప్పు వాళ్లది కాదు. నిబంధన ఏమిటో ముందుగా కనుక్కోని నాది. పదకొండుమందీ గట్టుమీద కూర్చుని పరాయివాళ్ల ఆట చూసి బస్సెక్కారు. కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేదాకా ఒక్కడూ నోరు విప్పలేదు.

ఆ సిగ్గుతోనే ఈ ఆట సంగతులు వెతికి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, మన హైదరాబాదులోనే నాబోటి పంతులు ఒకాయన ఉండేవారని. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. తరువాత బళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శి అయి, కన్నుమూసేదాకా ఆ పని విడిచిపెట్టలేదు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది!

భారత జట్టుకూ ఆయనే గురువు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో మాత్రం యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడాం. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతోనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. మా పిల్లలను గట్టుమీద కూర్చోబెట్టిన నిబంధనకు మూలం ఎంత దూరాన ఉందో చూడండి!

రహీంగారు ఆ ఓటమితో కుంగిపోలేదు. రెండో కాలు బలపడాలని బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని మరో రకం పోటీలు నడిపారు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరారు. ఆసియా దేశాల్లో ఆ మెట్టెక్కిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాదువాళ్లు పలువురు ఉన్నారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయనను క్యాన్సరు పట్టి పీడిస్తోంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. తరువాత జర్నైల్‌సింగు తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక కోట కాసే ఆ మనిషిని రహీంగారు ముందు వరసలోకి పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2–1తో గెలిచాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌సింగుది. 1963 జూన్ 11న రహీంగారు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో ఆయన కథ 'మైదాన్' అనే హిందీ సినిమాగా వచ్చింది.

ఒక్క మనిషి పోతే ఆట అంతా ఆగిపోవాలా అని నాకు దిగులు వేసింది. అయితే ఆయన శిష్యుడు బెనర్జీ తరువాత పేరుమోసిన కోచ్ అయ్యారు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా 1960 రోం ఒలింపిక్సు జట్టుకు ఎంపికై, పిమ్మట కోచ్‌గా పనిచేశారు. పంతులు మిగిల్చిపోయే ఆస్తి మరో పంతులే కాబోలు!

నేను రహీంను కాను. బంతిని తిన్నగా తన్నడం ఈనాటికీ రాదు. అయినా తోటి ఉపన్యాసకులు తలా కొంత వేసుకోగా పిల్లలకు బూట్లు కొన్నాం. సాయంత్రాలు గంటసేపు అందరూ ఎడమకాలితోనే ఆడాలని నియమం పెట్టాను. మొదట కుంటివాళ్లలా ఆడి ఒకరినొకరు చూసి పకపకా నవ్వుకున్నారు. మరుసటి ఏడు ఖమ్మంలో 2–1తో ఓడాం. మేం కొట్టిన ఆ ఒక్క గోలూ మా కెప్టెను ఎడమకాలిదే.

అతను ఇప్పుడు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఆటల మాస్టరు. మొన్న కలిసినప్పుడు, "పిల్లలెట్లా ఆడుతున్నారు?" అని అడిగాను.

"బూట్లు సగం మందికే ఉన్నయి సార్. వంతులేసుకుని తొడుక్కుంటున్నరు. ఎడమకాలు మాత్రం అందరికీ వచ్చింది" అన్నాడు.