చెవికి తోడు కన్ను

మొన్నటి కోతల దినములలో కొడవలూరులో నొక ధాన్యపు మిల్లునకు పోయితిని. మర ఆడుచుండగా ప్రక్కనున్నవాడు కేకవేసినను వినరాదు. హమాలీల మేస్త్రి బస్తాల లెక్క చెప్పుచుండెను. గుమాస్తా తన ఫోను ముందుంచుకొని, మాటను అక్షరములుగా మార్చు సాధనముచేత దానిని వ్రాయించుచుండెను. మేస్త్రి "అరవై" అనెను. ఫోను "ఇరవై" అని వ్రాసెను. కూలి బస్తా లెక్కన గదా! 40 బస్తాల కూలి ఒక్క అచ్చుతో పోవలసినది. నాకును మాట సరిగా వినబడలేదు గాని, మేస్త్రి నోరు చూచుచుంటిని. "అ" అనునపుడు దవడ దిగి నోరు తెఱచుకొనును. "ఇ" అనునపుడు పెదవులు ప్రక్కలకు సాగును. నేను చెప్పగా లెక్క దిద్దిరి. ఆ ఫోనునకును కెమెరా కలదు. దానిని వినుటకు వాడుకొనలేదు, అంతే.

శ్రోతలారా, మనము చెవితోపాటు కంటితోను వినుచున్నాము. అమెరికాలో సంబీ, పొలాక్ అను నిరువురు 1954లో దీనిని పరీక్షించి, రొద హెచ్చినకొలది మాటలాడువాని ముఖము చూచుటవలని లాభము హెచ్చునని తెలిపిరి. 1976లో మెక్‌గర్క్, మాక్‌డొనాల్డ్ అనువారు "బ" అను ధ్వనిని "గ" పలుకు ముఖముతో జతపఱచి చూపగా, పెక్కుమందికి ఆ రెండును గాక "ద" అని వినబడెను!

ఇందలి కీలకము మన తెలుగు మాటలలోనే దొరకును. "పడవ", "కడవ" అను వానిని తీసికొనుడు. సముద్రపు హోరులో ఈ రెండును చెవికి కలిసిపోవచ్చును. కాని "ప" అనుటకు పెదవులు మూయక తప్పదు. "క" నాలుక వెనుక భాగమున పుట్టును, పెదవులు తెఱచియే యుండును. చూచువానికి సందేహము లేదు. ఇక "బడి", "మడి" అని అద్దము ముందు పలికి చూడుడు. పెదవులలో భేదమేమియు కానరాదు. అయినను "మ"లో ముక్కునుండి వచ్చు నాదమును చెవి రొదలో సైతము చాలవఱకు పట్టుకొనును. చెవి జారవిడిచినది కన్నును, కంటికందనిది చెవియు అందించుచున్నవి.

ఈ పొత్తును యంత్రమునకు నేర్పుటకు మొదట పూనినవారిలో పెటజాన్ ఒకడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1984లో దీనిపై పరిశోధన గ్రంథము వ్రాసెను. తరువాత ఐ.బి.ఎం. సంస్థలో పొటమియానోస్, చలపతి నేటి మొదలగువారు 290 మంది ఆంగ్లము చదువుచుండగా ముఖమును కంఠమును కలిపి చిత్రించి, పదివేలకు మించిన పదములతో పనిచేసిరి. పద్ధతి యిది: కెమెరా సెకనుకు 25 లేక 30 చిత్రములు తీయును. యంత్రము వానిలో నోటిని వెదకి, ఆ భాగమును మాత్రము గ్రహించి, ధ్వనితో సరిచూచును. రొద లేనిచో చెవినే నమ్మును. రొద హెచ్చినచో కంటి సాక్ష్యమునకు బరువు పెంచును. ఎప్పుడెవరిని నమ్మవలెనో తెలియుటయే యిందలి కష్టమని నా తలంపు.

చీకటిలో నిది పనికిరాదు. నోటికి కండువా చుట్టుకొన్న హమాలీ యెదుటను పనికిరాదు. మిల్లు దుమ్ములో కండువా తీయుమనుట న్యాయమా? మఱియు తెలుగు పలుకు ముఖములను వేలకొలది చూడనిదే యంత్రము మన పెదవులను చక్కగా చదువజాలదు. ఆ ముఖములు పనివారివి. వారి సమ్మతి లేక చిత్రింపరాదు.

కొడవలూరి మిల్లులో ఆనాటినుండి మేస్త్రి వాకిటికి వచ్చి, కండువా దించి, గుమాస్తా ముఖము చూచి లెక్క చెప్పుచున్నాడు.