మూడున్నర మీటర్ల ఆధిక్యం

2012 ఆగస్టు 8. లండన్ ఒలింపిక్స్‌లో పడవ పందేలకు వేదికైన డోర్నీ సరస్సు మీద పురుషుల కె-1 వెయ్యి మీటర్ల ఫైనల్ జరిగింది. నార్వే కయాకర్ ఐరిక్ వేరోస్ లార్సెన్ 3 నిమిషాల 26.462 సెకన్లలో గీత దాటాడు. కెనడా వీరుడు ఆడమ్ వాన్ కూవర్డెన్ 0.708 సెకన్ల వెనక వచ్చి రజతం అందుకున్నాడు. దూరంలో చెప్పాలంటే ఆ తేడా సుమారు మూడున్నర మీటర్లు. ఒక్క పడవ పొడవు కూడా కాదు. అప్పటికి లార్సెన్ వయసు 36 ఏళ్లు.

ఆ మూడున్నర మీటర్లను సంపాదించడం ఎంత కష్టమో తెలియాలంటే ముందు నీటి స్వభావం తెలియాలి. కె-1 అంటే ఒక్కరే నడిపే కయాక్. పొడవు 5.2 మీటర్లకు మించకూడదు, బరువు 12 కిలోలకు తగ్గకూడదు. కదిలే ప్రతి పడవా తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగి, ఒక దశలో పడవంత పొడవవుతుంది. 5.2 మీటర్ల పడవకు ఆ దశ గంటకు దాదాపు 10 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అక్కడినుంచి వెడల్పాటి పడవకు ముక్కు లేస్తుంది, వెనుకభాగం అలల మధ్య పల్లంలో కూరుకుపోతుంది. ఎంత బలంగా తెడ్డు వేసినా ఆ శ్రమంతా తాను లేపిన అలనే ఎక్కడానికి ఖర్చయిపోతుంది.

లార్సెన్ సగటు వేగం గంటకు 17 కిలోమీటర్ల పైమాటే! కయాక్ బాగా సన్నం కాబట్టి అది లేపే అల చిన్నది. అందుకే ఆ హద్దును దాటగలుగుతుంది. ఇక ప్రధానంగా మిగిలేది పడవ అడుగును రాసుకుంటూ పోయే నీటి ఘర్షణ. దాన్ని తగ్గించాలంటే నీటిలో తడిసే భాగం తగ్గాలి, అంటే అడుగు గుండ్రంగా ఉండాలి. అలాంటి పడవలో కొత్తవాళ్లు కూర్చున్న మరుక్షణం నీళ్లలో పడతారు. కనీస వెడల్పు 51 సెంటీమీటర్లు ఉండాలన్న నిబంధన సిడ్నీ ఒలింపిక్స్ తర్వాత తొలగిపోవడంతో పడవలు మరింత సన్నబడ్డాయి.

నీటి నిరోధం స్థూలంగా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదిరించే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరగాలి. లండన్‌లో లార్సెన్ వేగం వాన్ కూవర్డెన్ కంటే 0.34 శాతమే ఎక్కువ. పడవలూ శరీరాల బరువులూ ఒకలాంటివే అనుకుంటే, దానికి దాదాపు ఒక శాతం అదనపు శక్తి కావాలి. అదీ మూడున్నర నిమిషాల పొడుగునా.

ఆ శక్తి చేతుల్లోంచే వస్తుందనుకుంటే పొరపాటు. కయాకర్ ఒక కాలితో పాదపీఠాన్ని తన్నుతాడు, నడుము తిరుగుతుంది, ఆ మెలిక భుజం మీదుగా తెడ్డుకు చేరుతుంది. తెడ్డు కూడా మామూలుది కాదు. 1980లలో స్వీడన్‌లో పుట్టిన వింగ్ ప్యాడిల్ రెక్క, విమానం రెక్కలా వంపు తిరిగి ఉంటుంది. దాన్ని నీటిలో ముంచి పడవనుంచి పక్కకు లాగుతారు. అప్పుడు నీరు దాని వంపు మీదుగా పారి, పడవను ముందుకు తోసే లిఫ్ట్ పుడుతుంది. పాత చదును తెడ్డు నీటిని వెనక్కి తోస్తూ తానూ వెనక్కి జారేది. ఇది దాదాపు జారదు. ఈ రెక్క రూపాన్ని మెరుగుపరిచిన ఐనార్ రాస్ముసెన్ కూడా నార్వే కయాకరే కావడం విశేషం.

2012 నాటికి సుమారు యాభై లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో ఈ క్రీడకు గట్టి వారసత్వమే ఉంది. 1996 అట్లాంటాలో, 2000 సిడ్నీలో కె-1 వెయ్యి మీటర్ల స్వర్ణం క్నూట్ హోల్మన్‌ది. నార్వే దక్షిణ తీరంలోని ఫ్లెక్కెఫ్యోర్డ్‌లో 1976లో పుట్టిన లార్సెన్ ఆ పతకాన్ని 2004లో ఏథెన్స్‌లో నిలబెట్టాడు. అక్కడే నిల్స్ ఓలావ్ ఫ్యెల్హైమ్‌తో కలిసి కె-2లో కాంస్యం కూడా గెలిచాడు. 2008 బీజింగ్‌లో బ్రిటన్‌కు చెందిన టిమ్ బ్రబాంట్స్ అతన్ని రెండో స్థానానికి నెట్టాడు.

మళ్లీ నాలుగేళ్లు ఆగి, 36 ఏళ్ల వయసులో గెలవడం నిజంగా అబ్బురమే. అయితే అందులో శరీరధర్మం కూడా ఉంది. వెయ్యి మీటర్ల పోటీలో అత్యధిక శక్తి ఆక్సిజన్‌తో నడిచే జీవక్రియ నుంచే వస్తుంది. క్షణంలో భగ్గుమనే పేలుడు బలం కంటే ఏళ్ల తరబడి పెంచిన ఓర్పు, ఒడుపు నెమ్మదిగా తరుగుతాయి. ఏథెన్స్‌లో అతని సమయం 3 నిమిషాల 25.897 సెకన్లు. గాలి, నీరు వేరు కాబట్టి రెండు సమయాలను నేరుగా పోల్చలేం. కానీ ప్రత్యర్థిని బట్టి చూడవచ్చు. వాన్ కూవర్డెన్ ఏథెన్స్‌లో కాంస్య విజేత, లార్సెన్ కంటే ఆరేళ్లు చిన్నవాడు. 2004లో వారి మధ్య ఎడం 2.3 సెకన్లు. ఎనిమిదేళ్లలో ఆ యువకుడు 1.6 సెకన్లు పూడ్చుకున్నా, మిగిలిన 0.7 సెకన్లను మాత్రం లార్సెన్ వదలలేదు.