వసారా వాలు, డ్రోను నిలకడ

మా మేనల్లుడు ఇంటరు చదువుతున్నాడు. బరంపురంలో మా అక్కగారి ఇల్లు మాకు రెండు వీధుల అవతల. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు రెండేళ్ళు కూడబెట్టి, నాలుగు రెక్కల డ్రోను సామాను తెప్పించి, తీగలన్నీ తానే కలిపి తయారుచేశాడు. మొదటిసారి ఎగురవేసిన రోజున మేమూ అక్కడనే ఉన్నాము. అది వసారాలో నుండి లేచి తల ఎత్తు వరకు బాగానే వెళ్ళింది. తరువాత ఎవరో మెల్లగా తోసినట్లు వీధి వైపు జారసాగింది. వీధిలో చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు. కుర్రవాడు కంగారుపడి చేతితో పట్టబోయాడు. రెక్క తగిలి అరచేతికి మూడు కుట్లు పడ్డాయి.

ఆ సాయంత్రమే మా బావగారు డ్రోనును ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆయన కోపం అన్యాయమని మేము అనలేము. అయితే చేతికి కట్టుతో కూర్చున్న కుర్రవాడు మమ్మల్ని అడిగినది వేరు.

"మామయ్యా, గాలి లేదు. నేను మీట కదపలేదు. మరి దాన్నెవరు తోశారు?"

మేము యంత్రశాస్త్రం చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో ఆగి, ఇరవై ఏళ్ళకు పైగా ఆఫీసులో చిట్టా, ఆవర్జా వ్రాసుకుంటున్నవారము. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. రెండు వారాలు అతనితో కూర్చొని తెలుసుకున్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. పిల్లలకు ఇటువంటివి కొనిపెట్టే కుటుంబాలు మనలో ఇప్పుడు చాలానే ఉన్నాయి.

గాలిపటానికి దారం ఉన్నది, తోక ఉన్నది. ఈ డ్రోనుకు అటువంటి ఆధారమేదీ లేదు. అది అరచేతిలో నిలబెట్టిన చీపురుకర్ర వంటిది. చేయి క్షణక్షణం సర్దుకుంటూ ఉంటేనే నిలుస్తుంది. కుడికి ఒరిగితే కుడివైపు మోటార్ల వేగం పెంచాలి, ఎడమవైపువి తగ్గించాలి. ఇది సెకనుకు వందలసార్లు జరగాలి. మనిషి చేతికి సాధ్యమయ్యే పని కాదు. అందుకని మధ్యలో ఒక చిన్న పలక ఉంటుంది. దానికి ఒరుగుదల కనిపెట్టి చెప్పేవి రెండు సెన్సార్లు: ఒకటి జైరో, రెండవది యాక్సెలరోమీటరు. సెల్‌ఫోను అడ్డంగా పట్టుకుంటే తెరమీది బొమ్మ కూడా తిరగడం పాఠకులందరూ చూచినదే. అది ఈ రెండవదాని పని.

మావాడి పలకమీద ఉన్నది ఎం.పి.యు. 6050 అనే చిప్పు. 4 మిల్లీమీటర్ల చదరం, కందిపప్పు బద్దంత. రెండు సెన్సార్లూ అందులోనే ఇమిడి ఉన్నాయి. జైరో అనగానే తిరిగే చక్రమనుకున్నాము. 1852లో ఫ్రాన్సులో ఫూకో అనే శాస్త్రజ్ఞుడు భూమి తిరుగుతున్నదని చూపడానికి వాడినది అటువంటి చక్రమే. ఇందులో చక్రం లేదు. సిలికానులో చెక్కిన అతి సూక్ష్మమైన ముక్క ఇటూ అటూ కంపిస్తూ ఉంటుంది. చిప్పు తిరిగినప్పుడు ఆ ముక్క పక్కకు లాగబడుతుంది. ఆ లాగుడును కొలిచి, సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతున్నదో చెబుతుంది. యాక్సెలరోమీటరులోని ముక్క సన్నని స్ప్రింగుల మీద ఉంటుంది. దాని బరువు ఎటు పడుతున్నదో చూచి కింద అంటే ఎటో చెబుతుంది.

ఒక్కటి చాలదా అని మేమడిగాము. చాలదట. అతడు చెప్పిన కారణం మాకు మా భాషలోనే అర్థమైంది. జైరో చిట్టా వంటిది. ప్రతి రాకా ప్రతి పోకా వెంటవెంటనే వ్రాస్తుంది. అవన్నీ కూడితే డ్రోను ఎంత ఒరిగినదీ తేలుతుంది. కాని ప్రతి పద్దులోనూ పైసా తేడా ఉంటే నిల్వ ఎక్కడికి పోతుంది? జైరోలో ఆ పైసా తేడా ఎప్పుడూ ఉంటుంది. సెకనుకు అర డిగ్రీ తప్పినా నిమిషానికి 30 డిగ్రీలు. యాక్సెలరోమీటరు క్యాషుపెట్టె తెరచి రొక్కం లెక్కించడం వంటిది. పాత తప్పు దాని వెంట రాదు. కాని కౌంటరు దగ్గర జనం తోసుకుంటున్నప్పుడు రొక్కం ఎవరు లెక్కించగలరు? మోటార్ల అదురుకు దాని అంకెలు గంతులు వేస్తాయి. రెక్క అంచు కాస్త విరిగినా చాలు, అదురు పెరిగిపోతుంది. అందుచేత చిట్టాను నమ్ముతూనే రొక్కంతో కొద్దికొద్దిగా సరిచూచుకుంటారు. తేలికైన పద్ధతి ఒకదానిలో నూటికి 98 పాళ్ళు జైరో లెక్క, 2 పాళ్ళు యాక్సెలరోమీటరు లెక్క. మా ఆఫీసులో మేము చేస్తున్నదీ ఇదే! కాకపోతే మా తప్పులకు ఇంతవరకు ఎవరికీ కుట్లు పడలేదు.

ఈ విద్య ఔత్సాహికులకు అందినది ఆటబొమ్మల దారినే. 2009లో నింటెండో కంపెనీ తన వీ ఆట కోసం మోషన్ ప్లస్ అనే చిన్న పెట్టెను అమ్మింది. అందులో జైరోలు ఉన్నాయి. ఫ్రాన్సులో ఒక ఔత్సాహికుడు దానిని విప్పి, డ్రోనుకు అమర్చి, నడిపే ప్రోగ్రాము వ్రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాని పేరు మల్టీవీ. పేరులోని వీ ఆ ఆటదే.

ఇక మావాడి ప్రశ్న. కొత్త పలకకు మొదట మట్టం నేర్పాలి. డ్రోనును కదలకుండా ఒకచోట ఉంచి మీట నొక్కితే, "ఇదే సమతలం" అని యాక్సెలరోమీటరు గుర్తుపెట్టుకుంటుంది. అది ఎక్కడ చేశావని అడిగితే, వసారాలోనని చెప్పాడు. మాకు అప్పుడు అనుమానం వచ్చింది. వీధి చివరి ముసలి మేస్త్రీని ఒడియాలో బతిమాలి, రసమట్టంతో సహా తీసుకువచ్చాము. ఆయన వసారా మీద మట్టం పెట్టి నవ్వాడు. వాన నీరు వీధిలోకి పోవాలని వసారాకు వాలు ఇస్తారు కదా! కొలిస్తే గజానికి అంగుళంపావు, అనగా సుమారు 2 డిగ్రీలు. డ్రోను ఆ వాలునే మట్టమనుకొని, గాలిలోనూ వీధి వైపు అంతే ఒరిగి నిలిచింది. 2 డిగ్రీల ఒరుగు చాలు, 5 సెకన్లలో సుమారు 4 మీటర్లు జారడానికి. ఎవరూ తోయలేదు.

మట్టం సరిచేసినంత మాత్రాన అది ఒకేచోట నిలుస్తుందనుకోరాదు. ఒరగకుండా ఉండటం వేరు, కదలకుండా ఉండటం వేరు. తానెక్కడ ఉన్నదీ ఈ రెండు సెన్సార్లకూ తెలియదు. గాలి వీస్తే మట్టంగానే కొట్టుకుపోతుంది. ఖరీదైన డ్రోనులకు అందుకే ఉపగ్రహాల సంకేతాలు అందుకునే సాధనం, కిందికి చూచే కెమెరా పెడతారు. మావాడిదానికి అవి లేవు.

ఈ లెక్కంతా బావగారికి కాగితం మీద వేసి చూపాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు తాళంచెవి ఇచ్చారు గాని షరతులు పెట్టారు. బల్లమీద పని చేసేటప్పుడు రెక్కలు ఊడదీయాలి. జారిపోతున్నదానిని చేతితో పట్టరాదు. మోటార్లు ఆపి పడనివ్వాలి. ఎగురవేయడం మైదానంలోనే, అదీ పిల్లలు లేనప్పుడు. 2021 నాటి డ్రోను నిబంధనలు 250 గ్రాముల లోపు వాటికి పైలటు సర్టిఫికెట్ అక్కరలేదన్నాయి. ఆ మాట చెప్పబోతే, "సర్టిఫికెట్ సంగతి కాదు, నీ చేతి సంగతి" అన్నారు.

కుట్లు విప్పిన తరువాతి ఆదివారం ఉదయం అందరమూ మైదానానికి వెళ్ళాము. కుర్రవాడు పీట వేసి, దానిమీద డ్రోను పెట్టి మీట నొక్కబోతున్నాడు.

"ఆగరా," అన్నారు బావగారు, జేబులోనుండి రసమట్టం తీస్తూ. "ముందు పీట చూద్దాం."