ఒక్క గోడ మిగిలింది

లిటిల్ డోరిట్ నవలలో వచ్చే మార్షల్‌సీ జైలు లండన్‌లో సరిగ్గా ఎక్కడ ఉండేదో తెలుసుకోవాలనిపించింది. అప్పు తీర్చలేనివాళ్ళని పెట్టే జైలు అది. మ్యాపులో మార్షల్‌సీ రోడ్ అని కనబడగానే దొరికిందనుకున్నాను. దొరకలేదు! ఆ రోడ్డు బరో హైస్ట్రీట్‌కి పడమటి పక్కన ఉంది, జైలేమో తూర్పు పక్కన ఉండేది. లిటిల్ డోరిట్ పేరు పెట్టిన చిన్న పార్కు కూడా పడమటి వైపే. పేర్లు నమ్ముకుంటే ఇంతే.

ఇంకో చిక్కు, జైళ్ళు రెండు. పాతది 14వ శతాబ్దం నుంచి 1811 దాకా, ఇప్పటి 161వ నంబరు దగ్గర ఉండేది. కొత్తది అక్కడికి కాస్త దక్షిణంగా, 211వ నంబరు దగ్గర. అది 1842లో మూతపడింది.

మనకి కావలసింది ఈ రెండోది. 1824లో డికెన్స్ నాన్న జాన్‌ని, రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీ ఉన్నాడని, ఇక్కడే పెట్టారు. అమ్మా, చిన్నపిల్లలూ కూడా కాపురం లోపలికే మార్చేశారు. 12 ఏళ్ళ చార్లెస్ మాత్రం బయటే ఉండి, బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించేవాడు. ఆదివారం వస్తే అక్కతో కలిసి జైలుకి వెళ్ళేవాడు. అప్పు తీరితేగానీ వదలరు, సరే, లోపల కూర్చున్న మనిషి సంపాదించి తీర్చేదెలా? పైగా జైలు రుసుములూ ఖైదీవే. ఈ లెక్క నాకు ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు. ఇంగ్లండ్‌లో దీన్ని చాలావరకు ఆపిన చట్టం 1869లోగానీ రాలేదు.

నవల పూర్తి కావస్తుండగా, 1857లో, డికెన్స్ స్వయంగా ఆ చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు. ముందరి ఆవరణలో వెన్న అమ్మే కొట్టు వెలిసింది. ఇక ఒక్క ఇటుకైనా మిగల్లేదనుకుని పక్క సందులోకి తిరిగితే, పాత ఇళ్ళు కనబడ్డాయి. పెద్ద పసిబిడ్డని చంకనేసుకున్న ఓ బుడతడు, ఇక్కడ పూర్వం ఏమేం ఉండేవో ఆయనకే వివరించాడట, అదీ దాదాపు సరిగ్గా! ఈ ముచ్చట ఆయనే నవల ముందుమాటలో రాసుకున్నాడు. నాకైతే నవలకన్నా ఆ ముందుమాటే ఎక్కువ నచ్చింది.

ఆ ఇళ్ళూ తర్వాత పోయాయి. ఇప్పుడు మిగిలింది పొడవాటి ఇటుక గోడ ఒకటే, జైలుకి దక్షిణపు సరిహద్దు గోడ. ఎవరైనా వెళ్తే సెయింట్ జార్జ్ ద మార్టిర్ చర్చి గుర్తు పెట్టుకోండి. దాని ఉత్తరాన, ఒకప్పటి సమాధుల స్థలంలో చిన్న తోట ఉంది. తోట అంచునే గోడ, గోడకి అవతల ఏంజెల్ ప్లేస్ అనే సన్న సందు. తోటలో నిలబడితే జైలు బయట ఉన్నట్టు, సందులో నిలబడితే లోపల ఉన్నట్టు.