శైవలాలలోని ప్రతిఆక్సీకారక సమ్మేళనాలు: ప్రయోగశాల విలువ – శరీర ప్రయోజనం

వ్యాససంగ్రహం

శైవలాలలోని కెరోటినాయిడ్లు, ఫైకోసయనిన్, ఫ్లోరోటానిన్లు వంటి సమ్మేళనాలకు ప్రతిఆక్సీకారక గుణం ఉన్నట్లు ప్రయోగశాల పరీక్షలు చూపుతున్నాయి. ఆ గుణం శైవలానికి ఎందుకు అవసరమైంది, దానిని ఎలా కొలుస్తారు, ఆ కొలతను బట్టి మానవ ఆరోగ్యం గురించి ఎంతవరకు చెప్పవచ్చు అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శైవలాలు, ప్రతిఆక్సీకారకాలు, కెరోటినాయిడ్లు, ఫైకోసయనిన్, డి.పి.పి.హెచ్. పరీక్ష, విటమిన్ బి12.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం తీరంలో రాళ్లను అంటిపెట్టుకొని పెరిగే ఉల్వా, సర్గాసమ్ వంటి సముద్రశైవలాలు ఆటుపోట్ల మధ్య జీవిస్తాయి. ఈ తీరశైవలాల జీవావరణంపై ఉమామహేశ్వరరావు, శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లోనే వెలువడింది. నీరు వెనక్కి తగ్గినప్పుడు ఈ శైవలాలు ఎండకు, ఉప్పు గాఢతకు, నిర్జలీకరణానికి గురవుతాయి. కిరణజన్య సంయోగక్రియ వినియోగించుకోగలిగిన దానికంటే ఎక్కువ కాంతి సోకితే కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు ఏర్పడి పొరలను, ప్రోటీన్లను, డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. వాటిని అదుపు చేసే రక్షణ వ్యవస్థలో ప్రతిఆక్సీకారకాలు భాగం. అంటే ఇవి మొదట శైవలం తన మనుగడ కోసం తయారుచేసుకొన్న పదార్థాలు.

2. ప్రధాన సమ్మేళనాలు

ఉప్పునీటి మడుగులలో పెరిగే డునాలియెల్లా సలీనా అనే ఏకకణ శైవలం తీవ్రమైన కాంతి, లవణీయత, పోషకాల కొరత ఉన్న స్థితిలో తన పొడిబరువులో 10 శాతం వరకు బీటా కెరోటిన్‌ను కూడబెట్టుకోగలదు. అనుకూల పరిస్థితులలో ఆకుపచ్చగా ఉండే హీమటోకోకస్, నత్రజని కొరత ఏర్పడితే ఆస్టాక్సాంథిన్‌తో ఎర్రబారుతుంది. గోధుమ శైవలాల రంగుకు ఫ్యూకోక్సాంథిన్ ముఖ్యకారణం. ఫ్లోరోగ్లూసినాల్ అణువులు గొలుసుకట్టగా ఏర్పడే ఫ్లోరోటానిన్లు, సల్ఫేటు కలిగిన ఫ్యూకోయిడన్ అనే పిండిపదార్థం కూడా ఈ వర్గానికే ప్రత్యేకమైన శైవల సమ్మేళనాలు. స్పైరులినా నిజానికి సయనోబాక్టీరియా. దాని నీలిరంగు ప్రోటీన్ ఫైకోసయనిన్. స్పైరులినా సారాన్ని ఆహారపు రంగుగా వాడేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో అనుమతించింది. అయితే ఈ ప్రోటీన్ వేడికి తట్టుకోలేదు. ఆరబెట్టే పద్ధతి మారితే దాని పరిమాణమూ మారుతుంది.

3. కొలిచే విధానం

1958లో బ్లోయిస్ ప్రతిపాదించిన డి.పి.పి.హెచ్. పరీక్ష విస్తృతంగా వాడుకలో ఉంది. ఊదారంగులో ఉండే స్థిరమైన స్వేచ్ఛా ప్రాతిపదిక, ప్రతిఆక్సీకారకంతో చర్య జరిపి పసుపురంగుకు మారుతుంది. 517 నానోమీటర్ల వద్ద కాంతిశోషణ ఎంత తగ్గిందో చూసి, సగం ప్రాతిపదికలను నిరోధించే గాఢతను లెక్కిస్తారు. ఈ విలువ ఎంత తక్కువైతే సారం అంత శక్తిమంతం.

పరీక్ష సులభమే గాని, దానికి పరిమితులున్నాయి. డి.పి.పి.హెచ్. మానవ శరీరంలో ఉండే పదార్థం కాదు. శైవలసారానికి సొంతరంగు ఉంటుంది కనుక దాని శోషణను విడిగా తీసివేయకపోతే ఫలితం తప్పుతుంది. మొత్తం ఫినోళ్లను కొలిచే ఫోలిన్–సియోకాల్ట్యూ కారకం ఆస్కార్బిక్ ఆమ్లం వంటి ఇతర క్షయకరణ పదార్థాలతోనూ చర్య జరుపుతుంది.

4. శరీరంలో ప్రయోజనం

తిన్న సమ్మేళనం జీర్ణమై, శోషణ చెంది, కణజాలాన్ని చేరాలి. ఫ్యూకోక్సాంథిన్ పేగులోనే ఫ్యూకోక్సాంథినాల్‌గా మారుతుంది. కాబట్టి పరీక్షనాళికలో కొలిచిన అణువే రక్తంలో కనిపిస్తుందని భావించరాదు.

బీటా కెరోటిన్ చరిత్ర ఇందుకు గట్టి హెచ్చరిక. ఫిన్లండులో 29,133 మంది ధూమపాన పురుషులపై జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం అధికంగా నమోదైంది. అందులో వాడినది శైవలాల నుండి తీసినది కాదు, కృత్రిమంగా తయారైనది. అయినా ప్రతిఆక్సీకారక గుణం ఉన్నంత మాత్రాన అధిక మోతాదు మేలు చేస్తుందన్న ఊహ అక్కడ నిలవలేదు.

ప్రతిఆక్సీకారకం కాకపోయినా విటమిన్ బి12 ఉదంతమూ ఇటువంటిదే. సూక్ష్మజీవుల పెరుగుదలను బట్టి కొలిచే సంప్రదాయ పరీక్షలో స్పైరులినా మాత్రలు అధిక బి12 విలువను చూపాయి. వాటిలో ప్రధానంగా ఉన్నది మానవ శరీరం వినియోగించుకోలేని మిథ్యా బి12 అని 1999లో వతనబే బృందం నిరూపించింది. స్పైరులినాను నమ్ముకొన్న శాకాహారికి లోపం తీరినట్లు భ్రమ కలుగుతుంది; లోపం మాత్రం అలాగే ఉండి రక్తహీనతకు, నాడీదౌర్బల్యానికి దారితీయవచ్చు. అలాగే కొన్ని గోధుమ శైవలాలలో అయోడిన్ అధికం; హిజికి అనే జాతిలో హానికరమైన అకర్బన ఆర్సెనిక్ ఉంటుంది.

5. ఉపసంహారం

శైవలాల జైవిక క్రియాశీల సమ్మేళనాలు పరిశోధనకు యోగ్యమైనవే. అయితే అవి పరిస్థితులకు ప్రతిస్పందనగా ఏర్పడేవి కనుక జాతి, సేకరించిన చోటు, ఋతువు, ఆరబెట్టిన తీరు, ద్రావణి పేర్కొనని విలువను మరొక విలువతో పోల్చడం కుదరదు. డి.పి.పి.హెచ్. ఫలితం ఒక సారాన్ని తదుపరి పరీక్షలకు ఎంపిక చేయడానికి ఆధారం. కణాలపై, జంతువులపై, చివరకు మనుషులపై జరిగే పరీక్షలు అక్కడినుండి మొదలవుతాయి. ఆ మెట్లు ఎక్కకముందే సారాన్ని ఔషధమని పిలిచే వాక్యం పరిశోధనపత్రంలో చోటుచేసుకొంటే, అది అంగడిలోని సీసా మీదికి చేరడానికి ఎంతోకాలం పట్టదు.