పెద్ద టైరు, చిన్న లెక్క

1992లో ఇంగ్లండులో రేంజ్ రోవర్ బండ్లకు ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులు అమర్చసాగారు. గాలి ఎక్కిస్తే బండి లేస్తుంది, తీస్తే దిగుతుంది.

రాళ్లదారుల కోసం కొందరు ఇలాంటి బండికి పెద్ద టైర్లు వేయిస్తారు. 30 అంగుళాల టైరు తీసి 32 అంగుళాలది వేస్తే బండి ఎంత లేస్తుంది? రెండంగుళాలు అనకండి! ఇరుసు చక్రం నడుమ ఉంటుంది గనుక ఒక్క అంగుళమే.

వేగం చూపే ముల్లుకు చక్రం తిరిగిన చుట్లే లెక్క. అది 60 మైళ్లు చూపేటప్పుడు బండి నిజంగా 64 మైళ్ల వేగంతో పోతుంది!

అసలు ప్రమాదం వేరే ఉంది. సంచికి చిల్లుపడితే బండి కుంగి, పైరేకు టైరుకు రాసుకుంటుంది. అందుకే బండిని పూర్తిగా దించి, చక్రాలను రెండువైపులా తిప్పి చోటు కొలవాలి. కొలత ఎప్పుడూ కష్టకాలానికి సరిపోవాలి సుమా!