నేలఉసిరి: పసరు నుంచి ప్రయోగశాల దాకా

గోదావరి డెల్టాలో వానలు పడగానే కొబ్బరి తోటల్లో, కాలువ గట్ల మీద, పెరళ్లలో మొలిచే చిన్న మొక్క నేలఉసిరి. రెమ్మల అడుగున వరసగా ఉసిరికాయలను పోలిన చిట్టి కాయలు కాస్తాయి. కామెర్లు వచ్చినవారికి దీన్ని నూరి, పసరును మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం, కొన్నాళ్లు పథ్యం పెట్టడం పల్లెల్లో పాత వాడుక. ఇలాంటి మందును శాస్త్రీయంగా పరీక్షించాలంటే కొన్ని మెట్లు దాటాలి.

మొదటిది మొక్కను గుర్తించడం. నేలఉసిరిని పోలిన మొక్కలు అనేకం ఉన్నాయి. మన దగ్గర పెరిగే ఫిల్లాంథస్ అమారస్‌ను చాలాకాలం ఫిల్లాంథస్ నిరూరి అనే రాశారు. పేరు తారుమారైతే ఫలితమూ తారుమారవుతుంది. అందుకే పరీక్షకు తీసుకున్న మొక్క నమూనాను ఎండబెట్టి, సేకరించిన చోటు, తేదీ రాసి హెర్బేరియంలో భద్రపరుస్తారు.

రెండోది రసాయన విశ్లేషణ. ఇందులో తెలుగు నేలకు మంచి వాటా ఉంది. ఈ మొక్కలోని చేదు పదార్థంపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి బృందం చేసిన పని 1946లో అచ్చయింది. 1960లలో అక్కడే ఎల్. రామచంద్రరావు బృందం ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్ల (ఒక రకం మొక్క రసాయనాల) నిర్మాణాన్ని పరిశోధించింది. ఈ రోజు నేలఉసిరి పొడి నాణ్యతను కొలవడానికి అందులోని ఫిల్లాంథిన్ పరిమాణాన్ని చూస్తారు. నేల, కోత కాలం, ఆరబెట్టే తీరును బట్టి ఈ పరిమాణం మారుతుంది. సీసం, పాదరసం వంటి లోహాలు, బూజు విషాలు లేవని కూడా తేల్చుకోవాలి.

మూడో మెట్టు జంతువులపై ప్రయోగం. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న నోబెల్ గ్రహీత బరూచ్ బ్లంబర్గ్ బృందం, ఆ వైరస్‌ను పోలిన మరో వైరస్ సోకే ఉడ్‌చక్ అనే జంతువులకు నేలఉసిరి సారం ఇచ్చి, వైరస్ తగ్గినట్టు 1987లో ప్రకటించింది.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది, మనుషులపై పరీక్ష. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో చాలావరకు, ముఖ్యంగా కలుషిత నీటితో సోకే హెపటైటిస్-ఎ, ఇ రకాలు, కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తాగకపోయినా రోగి కోలుకుంటాడు. పేరు మాత్రం పసరుకు వస్తుంది. అందుకే రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, మరో గుంపుకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చాలి.

మద్రాసులో అలా చేసిన పరీక్ష 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో నిలిచిపోయిన వాహకుల్లో నేలఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆసక్తి చూపింది. అయితే థాయ్‌లాండ్, న్యూజిలాండ్‌లలో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. హెపటైటిస్-బి రోగులపై జరిగిన పరీక్షలను కలిపి చూసిన, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష, ఉత్తుత్తి మందు కన్నా ఇది మెరుగని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

ఒక పరీక్ష ఆశ కలిగిస్తుంది. పదిచోట్ల పదేపదే అదే ఫలితం వస్తేనే అది మందవుతుంది. నేలఉసిరి ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. కళ్లు పచ్చబడితే పసరు కోసం వెళ్లేముందు రక్తపరీక్ష చేయించుకుని, అది ఏ రకం కామెర్లో తెలుసుకోవడం అవసరం. హెపటైటిస్-బి రాకుండా కాపాడే టీకా అందుబాటులోనే ఉంది.